ఉగ్రాణము: వలస తెలుగు కుటుంబముల గృహచరిత్ర

రాజ్యముల చరిత్రకు శాసనములున్నవి. ఆలయముల చరిత్రకు శిలలున్నవి. సామాన్య గృహస్థుని చరిత్రకు ఆధారములు కావలెనన్నచో మనము వంటింటి ప్రక్కనున్న చిన్న చీకటిగదిలోనికి పోవలసియుండును. కోస్తా జిల్లాలలో దానిని కొట్టుగది యందురు. దక్షిణ ప్రాంతములలో ఉగ్రాణమను మాట కూడ వాడుకలో కలదు. కన్నడమున ఉగ్రాణ, తమిళమున ఉక్కిరాణం అనునవియు ఈ మాటయే. భాషలు మూడైనను గది యొక్కటే.

కోలారు, మధుర, బరంపురము, షోలాపూరు, యానాము మున్నగు తావులలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ గది రెండు పనులు చేసినది. వాన రాని యేట కొంతకాలము ప్రాణమును నిలిపినది. వీధిలో భాష మారిన చోట ఇంటిలో మాటను నిలిపినది. ఈ రెండింటిలో మొదటి పనిని నేడు యంత్రములు చాలవరకు చేయుచున్నవి. రెండవ పనిని ఇకముందు ఎవరు చేయవలెననునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

తెలుగువారి నిలువ ఆహారములు నిన్న మొన్నటివి కావు. పదునైదవ శతాబ్దివాడైన పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున గోపబాలుర చల్దిభోజనమును వర్ణించుచు, వారు ఊరుగాయలు తినుచుండుటను పేర్కొనినాడు. క్రీ.శ. 1509 మొదలు 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరునందలి విష్ణుచిత్తుని ఇంటి ఆతిథ్యమును ఋతువులవారీగా చెప్పినాడు. వానకాలమున కట్టెలు తడిసి పొగచూరునప్పుడు ఆ ఇల్లాలు కొబ్బరికాయల పెంకులను మంటకు వాడినది. అతిథులకు వరి అన్నముతోను పప్పుతోను కూడ వరుగులను, వడియములను వడ్డించినది. అదే కావ్యమున చలికాలపు భోజనమునకు మిరియపు పొడి వేసిన కూరలును, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళును, ఊరుగాయలును ఉన్నవి.

ఇందు మనవారు గమనింపదగిన అంశములు రెండు. మొదటిది: ఈ వంట తెలుగుదేశపు నడుమ జరిగినది కాదు. రచించిన రాజు నేటి కర్ణాటకమందలి హంపీనుండి పాలించినవాడు. వర్ణింపబడిన గృహము నేటి తమిళనాడులోనిది. వడ్డించిన పదార్థముల పేర్లు తెలుగువి. ఇల్లు ఏ సీమలోనున్నను నిలువ ఆహారమునకు తెలుగు పేరుండుట ఐదు వందల యేండ్లనాటికే వింత కాదని దీనివలన తెలియుచున్నది. రెండవది: ఈ వంటలలో ఎచ్చటను మిరపకాయ లేదు.

మిరపకాయ అమెరికా ఖండపు పంట. 1492లో కొలంబసు ఆ ఖండమును చేరిన తరువాతనే అది తక్కిన ప్రపంచమునకు తెలిసినది. 1498లో వాస్కోడగామా కోళికోడు తీరమున దిగిన పిమ్మట పోర్చుగీసు వర్తకులద్వారా పదునారవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చినది. క్రొత్త వస్తువు వచ్చినప్పుడు జనులు పాత వస్తువు పేరును దానికి తగిలించిరి. మిరియమునకు దగ్గరగా తెలుగున మిరపకాయ యైనది. తమిళమున మిళగునుండి మిళగాయ్, కన్నడమున మెణసునుండి మెణసినకాయి వచ్చినవి. నేడు ఆవకాయ యనగానే ఎఱ్ఱని కారము కన్నులకు కట్టును గాని, ఆ పేరులోనున్నది ఆవయే గాని మిరప కాదు. పరదేశపు కాయను లోనికి రానిచ్చి, తన పేరును మాత్రము విడువని ఆ జాడీ వలస కుటుంబములకు మంచి పాఠము చెప్పగలదు.

ఇక నిలువచేయు విధానమును చూతము. వ్యవసాయమువలెనే దీనికిని పంచాంగము కలదు. పుష్య మాఘములలో కందులు ఇంటికి వచ్చును. వేసవి తొలిదినములలో క్రొత్త చింతపండును గింజతీసి ఉప్పు కలిపి కుండలకెత్తుదురు. ఎండలు ముదిరినప్పుడు గుమ్మడి వడియములు, మినప వడియములు, అప్పడములు, మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టిన చల్లమిరపకాయలు సిద్ధమగును. వైశాఖమున ఆవకాయ, మాగాయ. వానలు పడకముందే వాటికి వాసెన కట్టవలెను. కార్తికమున ఉసిరిక, ఆపైన చింతకాయ తొక్కు. నదీముఖములందును సముద్రతీరమునందును పల్లెకారుల ఇండ్లలో ఉప్పుచేపలు, ఎండురొయ్యలు ఇదే లెక్కలో చేరును. ఒక్కొక్క పంట సమృద్ధిగానున్న నెలలో దానిని పట్టి, లేని నెలకు దాచుట దీని సూత్రము.

ఈ పనులలో శాస్త్రము కలదు. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగును. నీరు తగ్గినచోట కుళ్ళు కలిగించు సూక్ష్మజీవులు పెరుగలేవు. పులుపు వాటికి మరియొక శత్రువు. ఆవపిండిలోని ఘాటైన ద్రవ్యము బూజును అరికట్టును. పైన తేలు నూనె గాలిని తగులనీయదు. ఎండలో ఎండిన ఒరుగునకు తేమయే లేదు. తడిచేయి పెట్టరాదు, తడిగరిటె ముంచరాదు అని పెద్దవారు గద్దించుటకు కారణమిదియే. మైసూరులో 1950లో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వంటి సంస్థలు ప్రయోగశాలలలో పరీక్షించు సూత్రములను మన అవ్వలు జాడీ మూతవద్ద పాటించుచుండిరి.

అయితే ఆచారములన్నియు శాస్త్రములు కావు. బహిష్టైన స్త్రీ తాకిన ఊరగాయ చెడునను మాటకు ఆధారము లేదు. అది జాడీని కాపాడిన నియమము కాదు. స్త్రీని దూరముంచిన నియమము. పూర్వుల పనిని గౌరవించువారు ఈ భేదమును గుర్తింపవలెను.

వలస వచ్చిన తెలుగువారందరు ఒకే కాలమున, ఒకే కారణమున వచ్చినవారు కారు. విజయనగర కాలమునందును, మధుర తంజావూరు నాయకరాజుల కాలమునందును సైనికులు, అధికారులు, రైతులు, పండితులు దక్షిణమునకు పోయిరి. కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి నేలలను సాగుచేసిన తెలుగు రైతుల వలసగాథ తమిళమున కి. రాజనారాయణన్ రచించిన ‘గోపల్ల గ్రామం’ అను నవలకు విషయమైనది. తెలంగాణపు పద్మశాలీలు షోలాపూరునకు మగ్గములతో చేరిరి. అచ్చట 1877లో మొదటి నూలుమిల్లు నెలకొనిన పిమ్మట మరి కొందరు వచ్చిరి. బొంబాయిలోని కామాఠీపురా తెలంగాణనుండి వచ్చిన కామాఠీ పనివాండ్ర పేరున వెలసినది. 1880లో జాన్ టేలర్ సంస్థ గని పని చేపట్టిన తరువాత కోలారు బంగారు గనులకు చిత్తూరు సీమవారును పోయిరి. గంజాము, కోరాపుట్టులలోని తెలుగువారు ఇల్లు కదలకయే పరరాష్ట్రీయులైరి; 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు సరిహద్దే వారిని దాటిపోయినది. యానాము తెలుగువారు గోదావరి నీరు త్రాగుచునే 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనుండిరి.

వీరి ఇండ్లు వేరు గనుక ఉగ్రాణములును వేరు. భూవసతిగల రైతుకు గాదెలు, గరిసెలు, నేలలో త్రవ్విన పాతరలు ఉండెను. గని కార్మికుని లైనింటిలోను, బొంబాయి చాలులోని ఒంటిగదిలోను కొట్టుగదికి చోటెక్కడిది? అచ్చట ఉగ్రాణము ఒక ఉట్టిగా, అటకమీది రెండు జాడీలుగా, మంచము క్రింది రేకుడబ్బాగా కుదించుకొనిపోయినది. అయినను దాని పని మారలేదు. జీతము రాని నెలాఖరున, కూరలు దొరకని ముసురు దినమున, వేళకాని వేళ చుట్టము వచ్చినప్పుడు కందిపొడియు, చారును, కాల్చిన అప్పడమును, ఊరగాయ బద్దయు ఇంటిపరువును నిలిపెను. ఉన్నదానితో సరిపెట్టుకొనుట దారిద్ర్యమునకు గుర్తుగా వారు తలపలేదు. అది గృహిణి నేర్పుగా ఎంచబడెను.

పొరుగువారితో ఇచ్చిపుచ్చుకొనుటయు ఈ గదిలోనే జరిగినది. మన అప్పడము తమిళుల అప్పళము, కన్నడిగుల హప్పళ. మన ఊరగాయ వారి ఊరుగాయ్. మన వడియమునకు తమిళమున వడగం, కన్నడమున సండిగె, మరాఠీలో సాండగే, ఒడియాలో బడి తోబుట్టువులు. ఒడియావారి అంబుల మన మామిడి ఒరుగే. వారి పఖాళ మన చల్ది అన్నమే. షోలాపూరులోని వేరుసెనగ పొడి జొన్నరొట్టెతో తెలుగింటిలోను మరాఠీయింటిలోను ఒక్కటిగానే చెల్లుచున్నది. బరంపురపు అప్పడములు, ఊరగాయలు ఒడిశా అంతట పేరుపొందినవి. కావున నిలువ ఆహారము మన సొంతమే, పొరుగువారికి తెలియదు అనుట చరిత్రకు విరుద్ధము. వస్తువు ఉమ్మడిది, పేరును, పాళ్ళును, చేయిరుచియును ఇంటింటివి. ఒక జాతి తన విశిష్టతను నిలుపుకొనుటకు ఇతరులనుండి వేరుపడనక్కరలేదని ఈ జాడీలే సాక్ష్యమిచ్చుచున్నవి.

అయితే ఉగ్రాణమును గూర్చి గొప్పలు చెప్పి ఊరకుండిన న్యాయము కాదు. దాని శక్తికి హద్దు కలదు. 1832-33 నందన నామ సంవత్సరమున గుంటూరు సీమలో వచ్చిన క్షామమును జనులు డొక్కల కరువనిరి. ఆ జిల్లా జనులలో మూడవవంతునకు తక్కువకాకుండ నశించిరి. 1866లో ఒరిస్సాలో నఅంక దుర్భిక్షము సుమారు పదిలక్షలమందిని మ్రింగినది. నాడు మద్రాసు రాజధానిలోనున్న గంజామునకును ఆ వేడి తగిలినది. 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను, మైసూరు రాజ్యమును, తమిళ జిల్లాలను ఒక్కటిగా చుట్టివేసినది. క్షామనివారణ పనులలో కూలి చేయువారికి దినభత్యమును సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో ఒక పౌను ధాన్యమునకు, అతిస్వల్పమైన కాసులకు కుదించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దీనిని గట్టిగా ఖండించెను; కొన్ని నెలలకే ప్రభుత్వము ఆ కొలతను సడలింపవలసివచ్చెను. నేడు మద్రాసులో కనబడు బకింగ్‌హాం కాలువ భాగము ఆ కరువుకూలీల చేతులతో త్రవ్వబడినదే.

ఆ కరువులలో ముందుగా మడిసినవారెవరు? ఏనాటి కూలి ఆనాడే తిని, దాచుటకు గింజలేనివారు. పాతరలో ధాన్యమున్న రైతు ఒక యేటి అనావృష్టికి తట్టుకొనెను. రెండవ యేడు అతడును వీధిలో పడెను. ఉగ్రాణము కొన్ని నెలల రక్షణయే గాని పాలకుని బాధ్యతకు బదులు కాజాలదు. ఇంటివారి పొదుపు ఎంతయున్నను దేశమున నీరు, దారులు, సరసమైన ధర లేకున్న అది నిలువదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలమునకు చేసిన మేలు ఏ జాడీయు చేయలేదు. 1880 నాటి క్షామవిచారణ సంఘ నివేదికను అనుసరించి 1883లో క్షామ నియమావళి ఏర్పడుటకు అన్ని ప్రాణములు పోవలసివచ్చెను.

ఉప్పు సంగతియు ఇట్టిదే. నిలువ ఆహారమంతయు ఉప్పుపై నిలిచినది. ఆ ఉప్పుపై పన్ను వేసినవారు పేదవాని గంజిమీదనే గాక వాని రేపటి కూటిమీదను పన్ను వేసినవారైరి. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పును ఎన్నుకొనుటలోని సూక్ష్మము ఏ గృహిణికిని విడమరచి చెప్పనక్కరలేకపోయెను. ఆ పన్ను 1947లో రద్దయినది.

ఈ శ్రమయంతయు స్త్రీలదియే యని వేరుగ చెప్పనేల? ఎఱ్ఱని ఎండలో మేడమీద వడియములు పెట్టినవారు, రోట కారము దంచి చేతులు మండినవారు వారే. జీవనాధారము లేని వితంతువులెందరో అప్పడములొత్తి, ఊరగాయలు పెట్టి పరుల ఇండ్లకిచ్చి బిడ్డలను పెంచిరి. వారి లెక్కలు ఏ పుస్తకమునను చేరలేదు.

ఇరువదవ శతాబ్దిలో ఈ గది మరొకసారి పరీక్షకు నిలిచినది. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యము రాక ఆగిపోయెను. పట్టణములలో రేషను కార్డులు వచ్చినవి. మద్రాసు రాష్ట్రమున 1952 జూన్‌లో రాజగోపాలాచారి ఆహార నియంత్రణను ఎత్తివేయువరకు వరియన్నము తినువారు రాగిసంగటికిని, గోధుమకును అలవాటుపడవలసివచ్చెను. ఆ దినములలో కొలతకు వచ్చిన ధాన్యమునకు రుచి కూర్చి కడుపునకు దింపినవి పొడులును పచ్చళ్ళును.

ఇక చలువతో నిలువచేయుట. ఇదియు మన తీరమునకు పాతకథయే. అమెరికాలోని సరస్సులలో గడ్డకట్టిన మంచును కోసి, ఓడలలో మద్రాసునకు తెచ్చి, 1842లో సముద్రపుటొడ్డున కట్టిన మంచుగిడ్డంగిలో ఉంచెడివారు. ఆవిరియంత్రములతో ఇచ్చటనే మంచు చేయుట సాధ్యమైన పిమ్మట ఆ వర్తకము ముగిసినది. 1897లో వివేకానందస్వామి బసచేసిన ఆ భవనము నేడు ఆయన పేరనే యున్నది. నాడు దొరల పానీయములకే పరిమితమైన ఆ చలువ, 1958లో గోద్రెజ్ సంస్థ దేశమున ఫ్రిజ్‌లను చేయ మొదలిడిన తరువాత క్రమముగా మధ్యతరగతి ఇండ్లకు చేరినది. నేడు ఉడికించిన గోంగూర, తురిమిన కొబ్బరి, ఒలిచిన బఠానీలు, నెలకు సరిపడు అల్లపు ముద్ద ఫ్రీజరులో ఉండుట మనకు సామాన్యము.

ఫ్రీజరును నిందించుట అవివేకము. సున్నకు 18 డిగ్రీలు దిగువనున్న చలిలో సూక్ష్మజీవులు పెరుగవు. అవి చావకపోయినను నిద్రించును. ఉప్పును తగ్గించుకొనవలసిన రక్తపుపోటు రోగికి అది ఉపకారి. ఉద్యోగమునకు పోవు గృహిణికి అది ఒక చేయి. ఊరగాయకు ఏడాది ఓర్పు కావలెను. ఫ్రీజరునకు ఒక్క గంట చాలును.

కాని ఒక భేదమున్నది. వడియములు పెట్టుటకు నలుగురు కూడవలెను. పిండి పలుచనైనదా, ఎండ చాలునా, కాకిని తోలునదెవరు అని నాలుగు మాటలు ఆడవలెను. ఆ మాటలు తెలుగు మాటలు. మనుమరాలు బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో చదువుచున్నను మేడమీద మాత్రము ఒరుగు, వాసెన, ఊట, తిరగమోత, తొక్కు, గుజ్జు అను పలుకులు వినుచుండెను. వలస ఇండ్లలో ఎందరికో తెలుగు లిపి రాదు; తెలుగు మాత్రము వచ్చును. అట్టి ఇండ్లకు బడియైనది ఈ పనియే. ఫ్రీజరు నిశ్శబ్దముగ పనిచేయును. పదార్థము చెడదు గాని పదము చెడిపోవుచున్నది.

2020 మార్చి 25న దేశమంతయు మూతపడినప్పుడు, వీధిలోనికి పోరాదని ఆజ్ఞ వచ్చినప్పుడు, నగరములలోని ఇండ్లు మరల తమ అలమరలను తెరచి లెక్క చూచుకొనెను. ఏది ఎన్నినాళ్ళు వచ్చును, దేనితో ఏది సరిపోవును అనునది తెలిసినవారు ఇంటిలో ఒక్కరున్నచో ఆ ఇంటికి ధైర్యము. ఆ విద్య తెలిసిన పెద్దలు అనేకులు నేడు డెబ్బది యెనుబదేండ్లవారు. వారితో ఆ విద్య పోరాదు.

కావున మన సంఘములకు ఒక మనవి. ప్రతి కుటుంబమునను ఒక పుస్తకము తెరువవలెను. ఏ నెలలో ఏది నిలువచేసెడివారో, ఎన్ని ముక్కలకు ఎంత ఉప్పో, ఏ పదార్థమును ఏ మాటతో పిలిచెడివారో పెద్దల నోట విని వ్రాయవలెను. తెలుగు లిపి రానివారు వచ్చిన లిపిలోనే వ్రాయవచ్చును. సంఘమువారు దానిని తెలుగు లిపిలోనికి దింపవలెను. వ్రాయునది మగవారైనను, చెప్పిన స్త్రీల పేర్లను తప్పక చేర్చవలెను. ఏడాదికొక వేసవిలో ఒక్కదినమైన పిల్లలను కూర్చుకొని వడియములు పెట్టవలెను. అవి ఎండకపోయినను నష్టములేదు. ఆ పూట పిల్లలు పలికిన మాటలు నిలుచును.

జాడీని నింపుట ఒక తరము పని. దాని పేరు చెప్పగలుగుట తరువాతి తరము పని. మొదటి పనిని మన పెద్దలు చేసిరి. రెండవది మన వంతు.